తొమ్మిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్ గుట్టు నేర్పేదెట్లా?

పత్తికొండ పంతులు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను పత్తికొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాను. ఈ ఏడాది శనివారాల్లో చివరి పీరియడును నాకు అప్పగించి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సోషల్ మీడియాలో ఎట్లా జాగ్రత్తగా ఉండాలో నేర్పమన్నారు. మొదటి రెండు వారాలు అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, ముక్కూమొహం తెలియనివారితో మాట్లాడవద్దు, ఫోటోలు పెట్టవద్దు, పాస్‌వర్డు గట్టిగా ఉండాలి అన్నాను. పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకాల్లో రాసుకొన్నారు. గంట కొట్టగానే బయటికి వెళ్లి, వేపచెట్టు కింద నిలబడి, ఒకడు తెచ్చిన వాళ్లన్న ఫోనులో రీలు తీసి, వెనక మా బడి బోర్డు స్పష్టంగా కనబడేటట్టు అక్కడికక్కడే పెట్టేశారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఫోను వాడకం వారికి నాకంటే బాగా తెలుసు, అందువల్ల నా మాటకు బరువు లేదు. ఇన్‌స్టాలో పదమూడేళ్లు నిండితే తప్ప ఖాతా తెరవరాదన్న సంగతీ వారికి తెలుసు, పుట్టిన సంవత్సరాన్ని కాస్త వెనక్కి జరిపితే పని అయిపోతుందన్న సంగతీ తెలుసు. పైగా చాలామందికి సొంత ఫోను లేదు. అవ్వదో, అన్నదో, నాయన చేనుకు పోయేటప్పుడు ఇంట్లో వదిలిపెట్టిన ఫోనో వాడతారు. అట్లాంటప్పుడు ఫలానా సెట్టింగు మార్చుకోండి అని చెబితే ఎవరి ఫోనులో మార్చాలి?

ఇక అసలు చిక్కు. బోర్డు మీద ‘గోప్యత’ అని రాసిన రోజు ఒక అమ్మాయి లేచి, ‘తప్పు చేయనోళ్లకు దాచిపెట్టేదేముంటుంది సార్?’ అని అడిగింది. ఏదో సర్దిచెప్పాను గాని, ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. దసరా సెలవుల్లో మా తోటి ఉపాధ్యాయుని వాట్సాప్‌ను ఎవరో లాగేసుకొని, ఆయన పేరుతో మాకందరికీ ‘అర్జెంటుగా ఐదు వేలు కావాలి, రేపు ఇస్తాను’ అని పంపారు. ఇద్దరం వేశాము. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. ఈ అనుభవంతో పిల్లల ముందు నిలబడి ఏమి చెప్పమంటారు? పాఠం చెప్పి ఫలితం చూసినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

గుత్తికోట (అనంతపురం) జవాబు:

పంతులు గారికి నమస్కారం. నేను అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్సు చెబుతాను, సెలవు రోజుల్లో చుట్టుపక్కల బడులకు వెళ్లి మీరు అడిగిన పాఠమే చెబుతుంటాను. మొదట్లో నేనూ ‘వద్దు’ల జాబితాతోనే మొదలుపెట్టాను. అది పనిచేయకపోవడానికి కారణం పిల్లల అల్లరి కాదు. పోస్టు పెట్టేటప్పుడు ఆ పిల్లవాడి కళ్ల ముందు ఉండేది తన నలుగురు స్నేహితులే. ఐదోవాడు కూడా చూస్తున్నాడన్న సంగతి తెరమీద ఎక్కడా కనబడదు. కనబడనివాణ్ణి చూపించడమే మన పని.

అందుకు నేను చేసేది ఇది. ఒక చార్టు మీద ఎనిమిది పోస్టులు అతికిస్తాను. అవన్నీ లేని ఒక అమ్మాయివి, బొమ్మలు నేనే గీస్తాను. ఒక దానిలో కేకు, దాని మీద 14 అన్న కొవ్వొత్తులు, కింద తేదీ. ఇంకొక దానిలో కొత్త సైకిలు, వెనక గోడ మీద సగం కనబడే గ్రామ సచివాలయం బోర్డు. బస్సు కిటికీ పక్కన తీసుకొన్న ఫోటో, ‘రోజూ ఇదే 8.10 బస్సు, ఇదే సీటు’ అన్న మాట. నాయన ఆటో, ఆటో వెనక రాయించిన ఫోన్ నంబరు. పరీక్ష హాల్‌టికెట్టు, బొటనవేలితో సగం మూసినది. ‘అమ్మ కువైట్‌లో, మిస్ యూ’. బుజ్జి అనే పిల్లి. చివరిది, ‘అందరం తిరుమలకు బయలుదేరాం, మూడు రోజులు’. ఈ అమ్మాయి గురించి ఏమేమి చెప్పగలరో రాయండి అని నలుగురేసి పిల్లలకు ఒక కాగితం ఇస్తాను.

పది నిమిషాల్లో పుట్టినరోజు, ఊరు, బడి, నాయన నంబరు వచ్చేస్తాయి. ఆ తర్వాతే పాఠం మొదలవుతుంది. ఒకసారి గుత్తి దగ్గర ఒక బడిలో వెనక బెంచీ కుర్రవాడు లేచి, ‘మేడమ్, ఆ పాప ఏ స్టాపులో ఏ టైముకు ఒంటరిగా ఉంటుందో చెప్పచ్చు. ఇంటికి తాళం ఎప్పుడేసుంటారో కూడా చెప్పచ్చు’ అన్నాడు. ఇంకొకరు పాస్‌వర్డు పిల్లి పేరు, పక్కన పుట్టిన సంవత్సరం అయి ఉంటుందన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. విడివిడిగా చూస్తే ఆ ఎనిమిదింటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు, అన్నిటినీ ఒకచోట పేర్చినవాడి చేతిలోనే అవి ఒక మనిషి జాడ అవుతాయి. ఆ మాట నేను చెప్పను, పిల్లలే చెబుతారు. మీకు ఒక్క మనవి, ఈ పనిని తరగతిలోని పిల్లల నిజమైన ఖాతాలతో ఎప్పుడూ చేయవద్దు. ఒక సంస్థలో అట్లా చేసి, ఒక అమ్మాయి పాత ఫోటోను తెర మీద వేసి చూపించారు. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు.

‘నా ఫోను, నా ఇష్టం’ అనే పిల్లలు ఉంటారు. వారికి 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల సలహా సంస్థ సంగతి చెబుతాను. ఆ సంస్థకు ఫేస్‌బుక్ వాడేవారి సమాచారం చేరింది ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్ ద్వారా, అందులో సరదాగా జవాబులు చెప్పడమే. ఫేస్‌బుక్ తానే ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ యాప్‌ను పెట్టుకొన్నవారు 335 మంది. ఎవరి సమాచారం చేతులు మారి ఉండవచ్చో వారు 5,62,455 మంది. 2011 జనాభా లెక్కల నాటి కర్నూలు నగరం మొత్తాన్ని తీసుకొన్నా ఇంకా మిగులుతారు. ఆ 335 మంది తమ స్నేహితుల తలుపులు కూడా తీసిపెట్టారు, ఆ స్నేహితులను ఎవరూ అడగలేదు. ఆ దారిని తర్వాత మూసివేశారన్నది నిజమే. అయినా ఈరోజుకీ ఏదో టార్చిలైటు యాప్ ‘కాంటాక్టులు చూడవచ్చునా’ అని అడిగితే, సరే అన్న వేలు ఒకటి, బయటపడే నంబర్లు మూడు వందలు.

మీ ఐదు వేల సంగతిని దాచుకోవద్దు, అదే మీకు దొరికిన మంచి పాఠం. జరిగిన తీరు ఇది. వాట్సాప్‌ను వేరే ఫోనులో తెరవాలంటే నంబరు కొట్టాలి, ఆ నంబరుకు ఆరంకెల కోడు వస్తుంది, ఆ కోడు ఎవరు కొడితే ఖాతా వారి ఫోనుకు మారిపోతుంది. దొంగ మీ మిత్రుని నంబరును తన ఫోనులో కొట్టి, అప్పటికే చిక్కించుకొన్న మరో స్నేహితుని ఖాతా నుంచి ‘పొరపాటున నా కోడు నీకు వచ్చింది, కాస్త పంపు’ అని అడిగి ఉంటాడు. తెలిసినవాడు అడిగాడు గనుక పంపి ఉంటారు. ‘తెలియనివారితో మాట్లాడవద్దు’ అన్న సూత్రం ఇక్కడ అక్కరకు రాలేదు చూడండి. తరగతిలో రెండు ఫోనులు పెట్టి, మీ నంబరునే రెండో ఫోనులో కొట్టి, కోడు ఎక్కడికి వస్తుందో పిల్లలకు చూపండి, అక్కడితో ఆపండి. ఆపైన సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఉంటుంది. మనమే ఒక ఆరంకెల పిన్ పెట్టుకొంటే, కోడు ఒక్కటే దొరికినవాడికి ఖాతా చేతికి రాదు. మీరు ఇంకా పెట్టుకోకపోతే ఈ జవాబు చదవడం ఆపి, ముందు ఆ పని చేయండి.

పాస్‌వర్డు విషయంలో ఒక్క మాట చాలు. నెలనెలా మార్చమని బలవంతపెట్టడం, చుక్కలూ నక్షత్రాలూ పెట్టమనడం పాతబడిన సలహా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఆ పద్ధతిని పక్కనపెట్టి, పొడవుకే ప్రాధాన్యం ఇచ్చింది. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాసుకోమంటే పిల్లలు సరదాగా చేస్తారు. ఒకడు రోకలి, రైలు, రాగిసంగటి అని మొదలుపెట్టి గట్టిగా చదివేశాడు, దానితో అది పనికిరాకుండా పోయింది.

తుగ్గలి కుర్రాడు జవాబు:

సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు మన వైపే ఉంది. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం జనం ఎట్లా తిరుగుతారో మీకు తెలుసు. దొరికినవాడు ఏమి చేస్తాడు? కొంగులోనో, నోట్లోనో పెట్టుకొని, ఇంకో గంటసేపు ఏమీ దొరకనట్టే వెతికి, మెల్లగా ఇంటికి పోతాడు. వాడు చేసిన తప్పేముంది? తప్పేమీ లేదు, తనది ఎవరికి చూపాలో తాను తేల్చుకొంటున్నాడు, అంతే. ‘గోప్యత’ అంటే పిల్లలకు పరీక్ష మాటగా వినబడుతుంది. మీరు ‘గుట్టు’ అనండి, ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత అందరికీ వచ్చు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక తుపాకుల ఆటలో డైమండ్లు ఉచితంగా ఇస్తామన్న లింకు నొక్కి, మా నాయన ఫోనులో యూపీఐ పిన్ కొట్టి, 1,800 రూపాయలు పోగొట్టాను. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర లేదని, పంపడానికే పిన్ కావాలని నాకు అప్పుడు తెలియదు. అయితే తెలియకపోవడం ఒక్కరోజు కథ. ఫోను లాక్కుంటారన్న భయంతో నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, ఆ నాలుగు నెలలూ వాడెవడో మళ్లీ మళ్లీ మెసేజీలు పెట్టి బెదిరించాడు. మా బడిలో అప్పుడు ‘తప్పు చేసి వచ్చినా సరే, నా దగ్గరికి రా’ అని ఒక్క సారు చెప్పి ఉంటే బాగుండేది.

పాలకొండల నీడ (కడప) జవాబు:

అయ్యా, నేను టీచర్ని కాను. మా చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది, దాని కూతురు పదమూడేళ్ల పిల్ల, నా దగ్గరా మా అమ్మ దగ్గరా పెరుగుతోంది. తల్లి కనబడేది ఐమో అనే వీడియో కాల్ యాప్‌లోనే, కాబట్టి ‘ఫోను ఇవ్వద్దు’ అనే సలహా మా ఇంటికి పనికిరాదు. మా కడప వైపు పల్లెల్లో, రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల ఇట్లాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పనక్కర లేదు.

పైన చదువుకొన్న మేడమ్ గారు బాగా చెప్పారు. కాని ఇంట్లో ఇంకో తగాదా ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు. పిల్ల ఫోను మనం చూడవచ్చునా, చూడరాదా? నేను చూశాను. పిల్ల నిద్రపోయాక దాని వేలు పెట్టి తెరిచి, మెసేజీలన్నీ చదివాను. మూడో రోజే దానికి తెలిసిపోయింది. అరవలేదు, ఏడవలేదు. రెండో ఐడీ తెరుచుకొంది, అంతే. నాకు చూపించే ఐడీలో దేవుని ఫోటోలు, అసలు మాటలన్నీ ఆ రెండో దానిలో. ఆ సంగతి ఆరు నెలల తర్వాత, ఎవరో అబ్బాయి ఫోటో పంపమని వేధిస్తున్నప్పుడు, అదే వచ్చి చెబితే నాకు తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం వేరు. రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ, నాదీ సహా, టీవీ పక్కన పెట్టాలి. అది చూపితే తప్ప నేను చూడను. ఏమి జరిగినా ఫోను లాక్కోనని మాట ఇచ్చాను, ఆ మాట నిలబెట్టుకోవడం నాకు కష్టంగానే ఉంది.

ఇక బడి గురించి ఒక ఫిర్యాదు ఉంది, తప్పుగా అనుకోవద్దు. మా పిల్ల తరగతి వాట్సాప్ గ్రూపులో జూన్‌లో ఒక పంతులు గారు ‘ఆధార్ కాపీలు పంపండి’ అన్నారు. నలభై మంది తల్లిదండ్రులు నలభై మంది పిల్లల ఆధార్ కార్డులు, తల్లి బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు అదే గ్రూపులో పెట్టారు. ఆడపిల్లల ఇళ్ల నంబర్లు ఆ గ్రూపులోని వారందరికీ కనబడుతున్నాయి. మార్కుల జాబితా, ఫెయిలైనవారి పేర్లు కూడా అందులోనే. ఫోటోలు పెట్టవద్దని పిల్లకు నేను చెబితే, ‘మా సార్ పెట్టచ్చునా?’ అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు) జవాబు:

నేను కర్నూలులో న్యాయవాదిని. కడప అమ్మ గారు అడిగిన దానికి చట్టం వైపు నుంచి రెండు మాటలు. గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువపడిన సమ్మతి కావాలంటుంది. సమ్మతి అన్న మాటకు గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడం అని అర్థం కాదని మాత్రం మనవి. ఆధార్ విషయంలో మొదటి ఎనిమిది అంకెలు మూసి, చివరి నాలుగు మాత్రమే కనబడే మాస్క్ చేసిన ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు.

పంతులు గారు, మీకు ముఖ్యంగా చెప్పవలసింది వేరే ఉంది. రేపు ఒక విద్యార్థిని మీ దగ్గరికి వచ్చి, తన ఫోటో ఎవరి చేతికో చిక్కిందని చెబితే, ‘ఏదీ, నాకు పంపు, సాక్ష్యంగా ఉంటుంది’ అనవద్దు. మంచి మనసుతో చేసినా అది చాలా ప్రమాదం. పిల్లల అశ్లీల చిత్రాలను దించుకోవడం, దాచుకోవడం, పంచడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉన్నాయి. పంపినవాని ఐడీ, తేదీ, సమయం కాగితం మీద రాసుకొని, ఫోనును ఉన్నది ఉన్నట్టు ఉంచి, పోలీసులకు అప్పగించాలి. పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి, ఉపాధ్యాయుడు ‘బడి పరువు’ అని ఆగడానికి వీలు లేదు. తరగతిలోని మగపిల్లలకు కూడా ఈ సెక్షన్ చెప్పండి. స్నేహితుడు పంపిన దాన్ని ముందుకు తోసినవాడూ ఇదే కిందికి వస్తాడని వారిలో ఎవరికీ తెలియదు. ఇట్లాంటి చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి పద్దెనిమిదేళ్ల లోపువారి కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో చిత్రం ఫోను దాటి బయటికి పోదు, దాని నుంచి తయారైన ఒక వేలిముద్రలాంటి సంకేతం మాత్రమే పోతుంది. పిల్లల సహాయానికి 1098 ఉండనే ఉంది.

డబ్బు పోయిన సంగతికి సైబర్ మోసాల సహాయ నంబరు 1930. మీరు ఐదు వేలు వేసిన వెంటనే దానికి ఫోను చేసి ఉంటే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే నిలిపివేసే అవకాశం ఉండేది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. తుగ్గలి తమ్ముడు చెప్పిన ఆ బెదిరింపుకు కూడా అప్పట్లో ఇదే దారి.

పత్తికొండ పంతులు మళ్లీ రాసినది:

అందరికీ ధన్యవాదాలు. నిన్న శనివారం చార్టు పెట్టాను. బొమ్మలు నాకు రావు కనుక తొమ్మిదో తరగతి పిల్లలతోనే వేయించాను, అది ఇంకా మంచిదైంది. వారు వేసిన ఆటో వెనక నంబరు తొమ్మిది అంకెలే ఉందని ఒకడు పట్టుకొన్నాడు. వజ్రం మాట చెప్పగానే ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి, ‘దొరికినోడు దాచుకొన్నా, షావుకారుకు చూపాల్సిందే కదా సార్, ఆయన నోరు జారితే?’ అంది. మళ్లీ చిక్కులో పడ్డాను, ఈసారి మాత్రం సంతోషంగా. నా ఐదు వేల కథ కూడా చెప్పాను. మొదట నవ్వారు, తర్వాత ముగ్గురు తమ ఇళ్లలో జరిగినవి చెప్పారు. నాలుగోవాడు గంట కొట్టాక స్టాఫ్ రూము బయట నిలబడి ఉన్నాడు. వాడేమి చెప్పాడో ఇక్కడ రాయను.

కడప అమ్మ గారు, మీ ఫిర్యాదు చదివి మా తరగతి గ్రూపును జూన్ నుంచి వెనక్కి చూసుకొంటూ పోయాను. నేను అడిగి తెప్పించుకొన్న ఆధార్ కాపీలు ముప్పై ఏడు, బ్యాంకు పుస్తకాలు ఇరవై రెండు. తొలగిద్దామని కూర్చొన్నాను. అందరి ఫోన్లలోంచి తీసివేసే వీలు పంపిన రెండు రోజుల పైచిలుకు వరకే ఉంటుందట, నాలుగు నెలలు గడిచిపోయాయి. నా ఫోనులో పోయాయి గాని, ముప్పై ఏడు ఇళ్లలో ఉన్నాయి. వచ్చే శనివారం తల్లిదండ్రులను ఫోన్లతో సహా బడికి పిలిచాను, పక్కన కూర్చొని ఒక్కొక్కరితో తీయించాలి. ఇకమీదట ప్రకటనలకు గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామనుకొంటున్నాను, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. అయితే నా నంబరును దాచుకొన్నవారికే ఆ సందేశం చేరుతుంది కనుక, అవ్వల ఫోన్లలో నా నంబరు ఎక్కించే పని కూడా ఆ రోజే ఉంది.

న్యాయవాది గారికి ఒక ప్రశ్న. బడి రికార్డు కోసం మాస్క్ చేసిన ఆధార్ ఇస్తే పై కార్యాలయం వెనక్కి పంపుతుందని మా క్లర్కు అంటున్నాడు. ఇట్లా ఇచ్చి, ఆమోదించుకొన్న బడులవారు ఎవరైనా ఉంటే ఏ విధంగా రాసి ఇచ్చారో తెలపండి.